మన కోర్టుల్లో సుత్తి ఉండదు

విజయవాడ

చి. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ నవల రాతప్రతి కొరియర్‌లో అందింది. స్పైరల్ బైండింగ్ చేయించి, అట్ట మీద నీ పేరు కొంచెం పెద్దక్షరాల్లోనే వేసి పంపావు. మంచిదే, ఆ మాత్రం సరదా ఉండాలి. చదవడానికి నాకు ఆరు రోజులు పట్టింది. కంటి ఆపరేషన్ అయ్యాక దీపం కింద చదవొద్దన్నారు, అందుకని మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని చదివాను. మీ పిన్ని మాత్రం ఒక్క పూటలో అవగొట్టేసి, హంతకుడెవరో నాకు చెప్పేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఈ పని చెయ్యడం ఇది మొదటిసారేం కాదు.

ఉత్తరంలో నువ్వు అడిగినవి రెండు. ప్రాక్టీసు మానేసి పూర్తిగా రాతల మీదే బతకొచ్చా అని ఒకటి. ఆ యాప్ వాళ్లు రోజుకో ఎపిసోడ్ ఇమ్మంటున్నారు, అంత జోరుగా రాస్తే సరుకు పలచబడిపోదా అని రెండోది. నువ్వు అడగనిది ఒకటుంది, ముందు అది చెప్తాను. నీ పదకొండో అధ్యాయంలో జడ్జిగారు బల్ల మీద సుత్తితో కొట్టి “ఆర్డర్, ఆర్డర్” అన్నాడు. హత్యకి 302 అని పాత అలవాటుకొద్దీ రాయకుండా కొత్త చట్టం ప్రకారం 103 అని సరిగ్గా వేశావు. అంత జాగ్రత్త ఉన్నదానివి, రోజూ పొద్దున పదిన్నరకి నల్లకోటు వేసుకుని గుంటూరు కోర్టులో నిలబడేదానివి, ఏ జడ్జిగారి బల్ల మీద చూశావమ్మా సుత్తి?

కోప్పడటం లేదు. అదే సుత్తి నేనూ కొట్టించాను.

1983లో సంగతి. అప్పటికి మూడు డిటెక్టివ్ నవలలు రాసి, నాకేదో వచ్చేసిందనుకుంటున్న రోజులు. హైదరాబాద్ ఎప్పుడు వెళ్లినా ఆదివారం కలిసొచ్చేలా చూసుకుని, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. అక్కడ దొరికింది, పెర్రీ మేసన్ అనే అమెరికా లాయరు హీరోగా ఉండే ఇంగ్లీషు డిటెక్టివ్ నవల ఒకటి, అట్ట ఊడిపోయినది. మాలో చాలామంది ఆ రోజుల్లో చేసిన పనే నేనూ చేశాను. లాస్ ఏంజెలెస్‌ని బెజవాడ చేశాను. బ్యూక్ కారుని అంబాసిడర్ చేశాను. విస్కీని సోడాగా మార్చాను. కోర్టు సీను మాత్రం మార్చే ఓపిక లేక ఉన్నదున్నట్టు దించేసి, హిందీ సినిమాల్లో చూసిన సుత్తిని నా వంతుగా కలిపాను. అది పాకెట్ నవలగా వచ్చింది. బస్టాండు బడ్డీల్లో బాగానే పోయిందన్నారు.

నెల తిరక్కుండా నాకో కార్డు వచ్చింది. పదిహేను పైసల పోస్టుకార్డు, గుండ్రటి చేతిరాత. పల్నాడు వైపు ఒక కోర్టులో పనిచేసే బెంచి క్లర్కు రాశాడు. “అయ్యా, తమరి నవల చదివితిని. ఇరవై ఆరేండ్లుగా కోర్టులో పనిచేయుచున్నాను. జడ్జిగారి బల్లపై పెన్నుల స్టాండు, పేపర్‌వెయిట్లు, బంట్రోతును పిలుచు గంట చూసితిని. సుత్తి చూడలేదు. తమరు ఏ కోర్టులో చూసితిరో తెలియజేసినచో మా సారుకు కూడా ఒకటి ఇండెంటు పెట్టగలవాడను.”

అంతే. తిట్టు ఒక్కటీ లేదు. అప్పుడప్పుడే సుత్తి అన్న మాటకి జనం నోట్లో రెండో అర్థం కూడా పుడుతున్న రోజులు, కాబట్టి మా మిత్రబృందంలో నా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ కార్డు చింపబోయి, ఎందుకో చింపలేక బీరువాలో పడేశాను.

తర్వాతెప్పుడో తెలిసింది, నేను ఎవరి పుస్తకం దించానో ఆ పెద్దమనిషికి కూడా ఇలాంటి కార్డే ఒకటి వచ్చిందని. ఆయన పేరు ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్. నువ్వూ ఆయనా ఒకే కులస్థులు, వకీలు కులం. అందుకే నీకు జవాబు చెప్పడానికి ఆయన్ని తెచ్చుకుంటున్నాను. ఆయనంత రాయమని చెప్పడానికి కాదు. అంత రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

1889లో పుట్టాడు, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్ అనే ఊళ్లో. పెరిగింది మాత్రం కాలిఫోర్నియాలో. లా చదువుదామని ఒక యూనివర్సిటీలో చేరి, బాక్సింగ్ గొడవల్లో ఇరుక్కుని నెల తిరక్కుండానే బయటపడ్డాడు. ఇంక కాలేజీ మొహం చూడలేదు. లాయర్ల ఆఫీసుల్లో గుమాస్తాగా ఉంటూ పుస్తకాలు తనే చదువుకుని 1911లో బార్ పరీక్ష గట్టెక్కాడు. ఆక్స్‌నార్డ్ అనే చిన్న ఊళ్లో బోర్డు కట్టాడు. పెద్ద కంపెనీల కేసులన్నీ పెద్ద లాయర్లకి పోయేవి, ఈయన దగ్గరికి చైనావాళ్లు వచ్చేవాళ్లు. చాకలి దుకాణాలు, చిల్లర కొట్లు పెట్టుకుని బతికే బీదవాళ్లు. ఊళ్లో వాళ్ల తరఫున నిలబడేవాడు లేడు.

ఒకసారి లాటరీ టిక్కెట్లు అమ్ముతున్నారని కొంతమంది చైనావాళ్ల మీద వారంట్లు తీశారు పోలీసులు. ఈయనకి ముందే ఉప్పందింది. రాత్రికి రాత్రి మనుషుల్ని అటూ ఇటూ మార్చేశాడు. ఈ కొట్లో వాణ్ణి ఆ కొట్లో, ఆ కొట్లో వాణ్ణి చాకలి దుకాణంలో కూర్చోబెట్టాడు. చైనావాడంటే చాలు అందరూ ఒక్కలాగే కనిపించే పోలీసులు, ఎవరు దొరికితే వాణ్ణి పట్టుకొచ్చారు. తీరా చూస్తే వారంటులో ఉన్న మనిషి ఒకడు, బోనులో ఉన్న మనిషి ఇంకొకడు. కేసు అక్కడితో సరి.

అలా చెయ్యడం ధర్మమా అని నీ సీనియర్‌ని అడిగితే ఏమంటాడో నాకు తెలీదు. కానీ పెర్రీ మేసన్ పుస్తకాలు చదివినవాడికి ఈ ముక్క వినగానే నవ్వొస్తుంది. సాక్షి గుర్తుపట్టడం మీద దెబ్బకొట్టడం మేసన్‌కి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య గార్డ్‌నర్‌కి ఏ నవల చదివీ రాలేదు. ఆక్స్‌నార్డ్‌లో చైనావాళ్ల కొట్ల వెంట తిరిగితే వచ్చింది.

ఇప్పుడు ఆయనకొచ్చిన కార్డు సంగతి. ముప్పై దాటాక పల్ప్ పత్రికలకి కథలు పంపడం మొదలుపెట్టాడు. చవక కాగితం మీద అచ్చేసే ఆ పత్రికల్ని మన బడ్డీకొట్టు పాకెట్ నవలలకి అన్నగార్లు అనుకో. ఒకటీ రెండూ అచ్చయ్యాయి, మిగతావన్నీ తిరుగు టపా. 1923లో బ్లాక్ మాస్క్ అనే పత్రికకి ఒక అస్థిపంజరం కథ పంపాడు. పత్రిక ఆఫీసులో సర్క్యులేషన్ చూసే ఫిల్ కోడీ అనే ఆయన అది చదివి ఎడిటర్‌కి ఒక చీటీ రాశాడు. పిల్లచేష్టలాంటి కథ అనీ, ప్లాటుకి గడ్డాలు మొలిచాయనీ, పాత్రలు నిఘంటువులు మాట్లాడుకున్నట్టు మాట్లాడుతున్నాయనీ దాని సారాంశం. ఆ చీటీ ఆఫీసులో ఉండిపోవాల్సింది. పొరపాటున రాతప్రతి కాగితాల మధ్య ఉండిపోయి, కథతోపాటు గార్డ్‌నర్ ఇంటికొచ్చేసింది.

మామూలుగా వచ్చే తిరుగు టపాలో ఏముంటుంది? “మీ రచన మా పత్రికకు అనువుగా లేదు, మరో విధంగా భావించవద్దు.” నా దగ్గర అలాంటివి కట్టలున్నాయి. వాటివల్ల నాకు ఒక్క ముక్క కూడా బోధపడలేదు. గార్డ్‌నర్‌కి అదృష్టం కొద్దీ నిజం చేతికొచ్చింది. పగలంతా కోర్టు పని చూసుకుని, మూడు రాత్రులు కూర్చుని ఆ చీటీ పక్కన పెట్టుకుని కథ మొత్తం తిరగరాశాడు. ఆయనకి టైపింగ్ సరిగ్గా రాదు, రెండే వేళ్లతో కొట్టేవాడు. వేళ్ల కొసలు చిట్లి రక్తం వస్తే ప్లాస్టర్ చుట్టుకుని మళ్లీ కొట్టాడు. ఈసారి పత్రిక తీసుకుని 160 డాలర్లు పంపింది. చార్లెస్ ఎమ్. గ్రీన్ అన్న మారుపేరుతో అచ్చయింది.

రక్తం కారిన వేళ్ల గురించి అందరూ చెప్తారు. నాకు అంతకంటే పక్కన పెట్టుకున్న చీటీయే ముఖ్యంగా కనిపిస్తుంది. ఎక్కడ తప్పో చూసుకుంటూ తప్పు చోట చెయ్యి వేశాడు. అందుకే నీ సుత్తి గురించి మొదటే చెప్పాను.

ఇంక ఆయన జోరు గురించి. రోజుకి 4,000 మాటలు, ఏడాదికి 12 లక్షల మాటలు అని లెక్క పెట్టుకున్నాడు. ఆదివారాలు, జ్వరాలు, పెళ్లిళ్లు తీసేసినా ఏడాదికి మూడొందల రోజులు. అది కూడా పగలు కోర్టు, సాయంత్రం లా లైబ్రరీ ముగించుకున్నాక. మాటకి ఇంత అని ఇచ్చేవాళ్లు పత్రికలవాళ్లు. నీ హీరోలు ఎప్పుడూ పిస్తోల్లో ఆఖరి తూటాతోనే విలన్‌ని ఎందుకు చంపుతారని ఎవరో అడిగితే, “ధన్” అన్నప్పుడల్లా నాకు మూడు సెంట్లొస్తాయి, పిస్తోల్లో ఇంకా పదిహేను సెంట్ల తూటాలుండగా కాల్పులు ఆపేస్తానా అన్నాట్ట. నువ్వు నవ్వకు. రోజుకో ఎపిసోడ్ చివర తలుపు చప్పుడు చేయించి ఆపేస్తున్నావు చూడు, అవి కూడా తూటాలే. ఇరవైరెండు ఎపిసోడ్లలో పద్నాలుగుసార్లు తలుపు చప్పుడైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ పిన్ని.

పలచబడదా అని అడిగావు. పలచబడుతుంది. గార్డ్‌నర్ ఆ పదేళ్లలో రాసిన పల్ప్ కథల్లో చాలావాటిని ఇవాళ పరిశోధకులు తప్ప ఎవరూ ముట్టుకోరు. వాటిలో మనుషుల చేతులు నెమ్మదిగా ఆడవు, మాట మధ్యలో ఎవరూ ఆగరు. కానీ అవి రాయకపోతే తర్వాతవి వచ్చేవి కావు. వందల కథలకి మొదలు పెట్టి చూసినవాడికి, ఏ మొదలు నిలబడుతుందో చేతికి తెలిసిపోతుంది. రోట్లో పప్పు రుబ్బేవాళ్లు నీళ్లెప్పుడు చిలకరించాలో ఎవర్నీ అడగరే, అలాగ. రోజుకో ఎపిసోడ్ అంటే భయపడకు, రాయి. కాకపోతే ఆ రాసిందంతా పుస్తకంగా వెయ్యాలని పట్టు పట్టకు.

నాకు ఆ పాఠం వేరేలా వచ్చింది. ఒక వారపత్రికకి సీరియల్ రాస్తూ, వారం వారం బస్సులో కూర్చుని రాసి ఇచ్చేవాణ్ణి. కాపీ దాచుకునేవాణ్ణి కాదు. ఐదో వారంలో గోదావరిలో ముంచేసిన మేనేజర్ చేత తొమ్మిదో వారంలో కాఫీ తాగించాను. ఎడిటర్‌గారూ చూసుకోలేదు, కంపోజిటరూ చూసుకోలేదు, పాఠకులు మాత్రం చూసుకున్నారు. అరవై డెబ్భై ఉత్తరాలొచ్చాయి. మునిగినవాడికి కవల సోదరుణ్ణి పుట్టించి బయటపడ్డాను. అప్పట్నుంచి నూటయాభై పేజీల అకౌంటు పుస్తకం ఒకటి పెట్టి, ఎవరు ఏ తారీకున ఎక్కడున్నారో రాసుకుంటూ వచ్చాను. నువ్వు ఎక్సెల్‌లో పెట్టుకుంటావేమో, నీ ఇష్టం. పెట్టుకోవడం మాత్రం పెట్టుకో.

ఉద్యోగం సంగతి. 1923లో ఆ 160 డాలర్లు వచ్చాయని చెప్పాను కదా. ఆయన మొదటి నవల వచ్చింది 1933లో. మధ్యలో పదేళ్లూ ప్రాక్టీసు వదల్లేదు. ఆ నవల ముందు వేరే పేరుతో తిరిగింది, కొందరు ప్రచురణకర్తలు వెనక్కి పంపారు. మారో అనే సంస్థలో థేయర్ హాబ్సన్ చదివి, ఈ లాయర్ బావున్నాడు, ఇతన్ని పెట్టి వరసగా రాయండి అన్నాడు. ఆ లాయరుకి పెర్రీ మేసన్ అన్న పేరు ఎక్కణ్ణుంచొచ్చిందో తెలుసా? చిన్నప్పుడు చదివిన పిల్లల పత్రిక అట్ట మీద ప్రచురణ సంస్థ పేరు అది. మనం చందమామ కింద చిన్నక్షరాల్లో ఉన్న పేరు తీసుకొచ్చి హీరోకి పెట్టినట్టు. నవల అచ్చయ్యే రోజులదాకా కోర్టు పూర్తిగా వదల్లేదు. అంచేత అమ్మాయ్, మీ నాన్నగారు నాకు ఫోన్ చేసి “నువ్వైనా చెప్పరా దానికి” అన్నారని కాదు గానీ, వకాలతులు ఇప్పుడే ఎవరికీ తిరిగివ్వకు. డబ్బు కోసం ఒక్కటే అనడం లేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదటి మేసన్ నవల ఆయన వేళ్లతో కొట్టలేదు. నోటితో చెప్పి రాయించాడు, మూడు నాలుగు రోజుల్లో అయిపోయిందట. తర్వాత జీవితమంతా అదే పద్ధతి. ఒక ఇంటి అక్కచెల్లెళ్లు ముగ్గురు ఆయన దగ్గర సెక్రటరీలుగా పనిచేశారు, చెప్తుంటే రాసుకుని టైపు కొట్టేవాళ్లు. తన ఆఫీసుకి తనే కథల ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్నాడు. ఆ ముగ్గురిలో జీన్ అనే ఆవిణ్ణి, మొదటి భార్య పోయాక, 1968లో తన 79వ ఏట పెళ్లి చేసుకున్నాడు. ఇది పాఠం కాదులే, ఉబుసుపోక చెప్పాను.

నువ్వు ఫోన్‌కి చెప్పి టైప్ చేయిస్తున్నానన్నావు. తప్పేం లేదు. నీ డైలాగులు బావుండడానికి అదే కారణం అనుకుంటాను. కానీ ఎక్కడ నోటితో చెప్పావో ఎక్కడ చేత్తో రాశావో నాకు తెలిసిపోయింది. నోటితో చెప్పినచోట అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, నీ గొంతుతో. ఎస్సైగారు కూడా “యాక్చువల్లీ” అంటున్నాడు. చెప్పడం అయ్యాక ఒకసారి కాగితం మీదికి దించి, పెన్ను పట్టుకుని ఎవరి మాట వాళ్ల నోట్లో పెట్టు.

ఆయన దగ్గర అట్టముక్కల చక్రాలు ఉండేవి. బాధితుడెవరు, అడ్డొచ్చేదెవరు, కథ ఎటు మలుపు తిరుగుతుంది, ఇలా చక్రం చుట్టూ రాసుకుని, తిప్పితే ఏది ఆగితే దాంతో కథ అల్లేవాడు. ఆ చక్రాలు ఇప్పుడు టెక్సాస్ యూనివర్సిటీలో ఆయన కాగితాలతోపాటు దాచిపెట్టారు. ఇప్పుడు నీ తోటివాళ్లు కంప్యూటర్‌ని అడిగి ప్లాటు చెప్పించుకుంటున్నారని విని నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. అది మోటారు బిగించిన చక్రం, అంతే. చక్రం తిరిగితే ‘డబ్బున్న వితంతువు, తప్పుడు సాక్షి’ అని వస్తుంది. ఆ తప్పుడు సాక్షి బోనులో నిలబడి కండువా కొస ఎలా నలుపుకుంటాడో చక్రం మీద ఉండదు.

చక్రాల కంటే నాకు నచ్చిన కిటుకు ఒకటుంది, లాయరువి కాబట్టి నీకు వెంటనే అర్థమవుతుంది. మేసన్ కేసులు చాలామటుకు అసలు విచారణ దాకా పోవు. వాళ్ల దగ్గర కేసు పైకోర్టుకి పంపాలా వద్దా అని ముందుగా జరిపే ప్రాథమిక విచారణ ఉంటుంది, అక్కడే తేలిపోతాయి. ఎందుకంటే అసలు విచారణ అంటే జూరీని ఎంచాలి, వాదనలు వినిపించాలి, పేజీలు తింటుంది. ప్రాథమిక విచారణలో నేరుగా సాక్షి, క్రాస్ ఎగ్జామినేషన్, తగాదా. చట్టం తెలిసినవాడు కథ కోసం చట్టంలోనే దగ్గరి దారి వెతుక్కున్నాడు. నువ్వేమో సెషన్స్ విచారణ మొత్తం ఒక్క మధ్యాహ్నంలో ముగించేశావు. మన దగ్గర అది ఏ మధ్యాహ్నం సాధ్యం తల్లీ? బెయిలు పిటిషన్ విచారణ దగ్గర పెట్టు సీను. లేదా వాయిదాల్నే కథ చెయ్. మూడు వాయిదాలకి సాక్షి ఎలా మారిపోతాడో నువ్వు కళ్లారా చూస్తున్నదే కదా.

ఇంత చెప్పాను గానీ ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు. మేసన్ నవలలు 80 పైచిలుకు ఉన్నాయి. పది చదివితే పదకొండోది నువ్వే చెప్పెయ్యగలవు. అన్ని పుస్తకాలు చదివినా మేసన్‌కి అమ్మానాన్నా ఎవరో, రాత్రి నిద్రపట్టకపోతే ఏం చేస్తాడో తెలీదు. వర్ణన పొదుపు చెయ్యడం వేరు, మనిషి లోపలికి వెళ్లకపోవడం వేరు. ఆయనకీ విసుగు పుట్టిందేమో, 1939 నుంచి ఎ.ఎ. ఫెయిర్ అన్న మారుపేరుతో ఇంకో వరస మొదలుపెట్టాడు. భారీ మనిషి, మహా పిసినారి బెర్తా కూల్ అనే ఆవిడ డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతుంది. లైసెన్సు పోగొట్టుకున్న బక్కపల్చటి లాయరు డోనాల్డ్ లామ్ ఆవిడ దగ్గర చేరతాడు. నన్నడిగితే మేసన్ కంటే వీళ్లిద్దరే బతికున్న మనుషులు. మారుపేరు పెట్టుకోగానే ఆయన పెన్ను కాస్త నవ్వడం నేర్చుకుంది. నీ సొంత పేరు బరువనిపిస్తే నువ్వూ ఓ సరదా కథ వేరే పేరుతో రాసి చూడు, ఇంట్లో కూడా చెప్పకుండా.

హక్కుల గురించి రెండు ముక్కలు, ఇది మటుకు బాగా విను. 1930ల్లో హాలీవుడ్‌వాళ్లు మేసన్‌ని పెట్టి ఆరు సినిమాలు తీశారు. అవి గార్డ్‌నర్‌కి నచ్చలేదు. అప్పట్నుంచి ఇరవై ఏళ్లు జాగ్రత్తపడి, టీవీ వచ్చాక తన సొంత నిర్మాణ సంస్థ ద్వారా తీయించాడు. స్క్రిప్టులు దగ్గరుండి చూసుకున్నాడు. 1957 నుంచి 1966 దాకా తొమ్మిదేళ్లు నడిచింది. ఆఖరి ఎపిసోడ్‌లో తనే జడ్జి వేషం కట్టాడు. (ఆయన చేతిలో సుత్తి ఉండే ఉంటుంది. వాళ్ల కోర్టు, వాళ్ల ఇష్టం.) నా సంగతి చూడు. నా ఆరో నవల 300 రూపాయలకి ఇచ్చేశాను, తెల్లకాగితం మీద “సర్వహక్కులూ ప్రచురణకర్తవే” అని వాళ్లు రాసినదాని కింద సంతకం పెట్టి. ఆ పుస్తకం ఎన్నిసార్లు అచ్చయిందో నాకు తెలీదు. అట్ట మారింది, పేరు మారింది, ఒకసారి రైల్లో నా పక్కన కూర్చున్నాయన నా నవలే చదువుతున్నాడు. అట్ట మీద వేరే వాళ్ల పేరు ఉంది. ఆ యాప్‌వాళ్ల ఒప్పందం నలభై పేజీలుందని చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కేశానన్నావే, లాయరువయ్యుండి! ఆడియో హక్కులు, వెబ్ సిరీస్ హక్కులు ఎవరికి పోయాయో ఈ ఆదివారం కూర్చుని చదువు.

ఇప్పుడు చివర్లో చెప్తానన్నది.

1948 నాటికి గార్డ్‌నర్‌కి డబ్బు, పేరు, కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో పెద్ద రాంచ్ అన్నీ ఉన్నాయి. అప్పుడు ఆర్గోసీ అనే పత్రికలో ఒక శీర్షిక మొదలుపెట్టాడు, ఆఖరి న్యాయస్థానం అని చెప్పుకోవచ్చు మన భాషలో. చెయ్యని నేరానికి జైల్లో ఉన్నామని ఖైదీలు రాసే ఉత్తరాలు తీసుకోవడం, డాక్టర్లనీ డిటెక్టివ్‌లనీ పోగేసి కేసు మళ్లీ తవ్వడం, నిజం అనిపిస్తే పత్రికలో రాసి ప్రభుత్వాన్ని నిలదీయడం. దీనికి నాంది లిండ్లీ అనే అతని కేసు. హత్య కేసులో మరణశిక్ష పడి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. గార్డ్‌నర్ ఆ కేసు రికార్డు మొత్తం ముందేసుకుని, ఏ నిమిషానికి ఎవరు ఎక్కడున్నారన్నది పట్టిక గీశాడు. నేరం జరిగిన సమయానికి లిండ్లీ అక్కడ ఉండే వీలు లేదని తేలింది. మరణశిక్ష ఆగిపోయింది. ఈ పని మీద రాసిన పుస్తకానికి 1953లో, మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది, కల్పన విభాగంలో కాదు, నిజ నేరాల విభాగంలో. 1970లో పోయేదాకా నవలలూ రాశాడు, ఇటువంటి కాగితాలూ చదివాడు.

ఆ పట్టిక గీసిన చెయ్యే నవలల్లో ప్లాట్లు గీసింది. కథల ఫ్యాక్టరీ అని అందరూ నవ్వారు గానీ, ఆ ఫ్యాక్టరీకి ముడిసరుకు కోర్టు నుంచి వచ్చేది. అందుకే నిన్ను కోర్టు మానెయ్యొద్దంటున్నాను.

నీ ఏడో అధ్యాయం చూడు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ముసలావిడ కూర్చునుంటుంది, ఒళ్లో స్టీలు క్యారేజీ. సబ్‌జైలు నుంచి కొడుకుని తెస్తారని. వ్యాన్ దిగిన ఎస్కార్టు కానిస్టేబుల్ “టీ ఖర్చులకి” అంటాడు. ఆవిడ కొంగు ముడి విప్పి, నలిగిన ఇరవై రూపాయల నోటు తీసి, దాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేసి ఇస్తుంది. లంచం ఇచ్చేటప్పుడు కూడా నోటు నలిగి ఉండకూడదనుకుంది. ఇది నువ్వు ఎక్కడా చదివింది కాదు. ఏ సినిమాలోనూ లేదు. లీగల్ ఎయిడ్ డ్యూటీ పడ్డ రోజున నువ్వు చూశావు. ఆ నాలుగు పేజీలు చదువుతుంటే కంటి డాక్టరు మాట మరిచిపోయి సాయంత్రం దీపం వేసుకుని కూర్చున్నాను. మళ్లీ పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి సుత్తి.

ఆ ముసలావిడ ఏడో అధ్యాయం తర్వాత మళ్లీ కనబడదు. ఎందుకు వదిలేశావు? ఆవిడ ఉన్నచోట కథకి తొందర అక్కర్లేకపోయింది, తలుపు చప్పుడు అక్కర్లేకపోయింది. ఆవిణ్ణి కోర్టు హాల్లోకి తీసుకురా. బంట్రోతు ఆవిడ కొడుకు పేరు తప్పుగా పిలిస్తే ఆవిడ లేచి నిలబడాలా వద్దా అని తేల్చుకోలేక సగం లేచి ఆగిపోతుందేమో, నాకేం తెలుసు, నువ్వు చూసి చెప్పాలి.

ఆ బెంచి క్లర్కుగారికి నేను జవాబు రాశాను, నెలరోజులు ఆగి. “సుత్తి తప్పే, ఇంకా ఏమేం తప్పులున్నాయో చెప్పండి” అని. ఇన్‌లాండ్ లెటరు నిండా చెప్పారు. ఆ తర్వాత పదకొండేళ్లు, నా కోర్టు సీన్లన్నీ అచ్చుకి ముందు ఆయనకే వెళ్లేవి. ఎర్రసిరాతో దిద్ది పంపేవారు. ఆయన రిటైరయ్యాక ఒకసారి వెతుక్కుంటూ వాళ్లూరు వెళ్లాను. ఆయన నా నవలలన్నీ వరసగా బీరువాలో పెట్టుకున్నారు, సుత్తి నవల తప్ప. అదేదని అడిగితే, “దాన్ని మా జడ్జిగారు పట్టుకెళ్లి తిరిగివ్వలేదండీ” అన్నారు.

ఆ పోస్టుకార్డు జిరాక్సు దీంతో పెడుతున్నాను. అసలు కార్డు అడక్కు, ఇవ్వను.

పదకొండో అధ్యాయం తిరగరాసి పంపు, మిగతాది ఇప్పుడే ముట్టుకోకు. అన్నట్టు పదమూడో అధ్యాయంలో కారు దగ్గర నిలబెట్టిన డ్రైవరు ఆ తర్వాత ఏమయ్యాడని మీ పిన్ని అడుగుతోంది. నాలుగు రోజులుగా అన్నం వడ్డిస్తూ అదే ప్రశ్న. నాకు రాయకపోయినా ఆవిడకి ముందు రాయి.

ఇట్లు,
మీ బాబాయి